లోటు హుసేనప్ప

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఖజానా ఎందుకు ఖాళీ అయిందో చదువుకున్నవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మద్రాసువాళ్లు ఆస్తులు ఉంచుకుని అప్పులు మన నెత్తిన రుద్దారని కొందరు. కల్లు బందు చేసి రాబడి పోగొట్టుకున్నామని కొందరు. ఢిల్లీవాళ్లు చెయ్యి విదల్చలేదని మరికొందరు. వాదించుకోనివ్వండి. మా ఊళ్లో ఆ సంగతి యాభై నాలుగులోనే తేలిపోయింది. రాష్ట్రం డబ్బంతా పోగొట్టినవాడు దూదేకుల హుసేనప్ప. మసీదు వెనక సందులో ఇల్లు. ఆయన పోయి చాలా కాలమైంది, అయినా మా ఊరి ముసలివాళ్లనడిగితే ఇప్పటికీ ఆ పేరే చెబుతారు. కాదని నేనెంత గొంతు చించుకున్నా వినేవాడు లేడు.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ మా ఊరు. హుసేనప్ప తండ్రి దూది ఏకేవాడు. ఆదోనిలో మిల్లులు లేచాక ఆ పనికి కాలం చెల్లింది, ఏకే విల్లు అటకెక్కింది. కొడుకు జమాబందీ డేరాల వెంట పోయాడు. ఆ రోజుల్లో ఏడాదికోసారి రెవెన్యూ దొరలు ఊరూరూ తిరిగి శిస్తు లెక్కలు చూసేవాళ్లు. వాళ్లకంటే ముందే పోయి డేరాలు వేసి, వాళ్లు లేచాక విప్పి బండికెత్తే మనిషిని ఖలాసీ అనేవాళ్లు. హుసేనప్ప ఖలాసీ అయ్యాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేది వరస. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మేం బోయవాళ్లం, వాళ్లు సాయిబులు. మా వైపు పిలుపులు అట్లాగే ఉంటాయి.

ఆయన భార్య ఫాతిమా బీ అందుకు పూర్తిగా ఎదురు. నోరు పెద్దది. సందులో ఆమె మాట్లాడుతుంటే చావడి దాకా వినపడేది. కోపం వస్తే తిట్టేది, మరుక్షణం పిలిచి రొట్టె పెట్టేది. ఇద్దరు ఆడపిల్లలు, ముసలి అత్త బీబమ్మ. ఇంత సంసారాన్ని ఆ నోటితోనే ఈడ్చుకొచ్చింది.

యాభై రెండు కరువులో ఆ ఇంటిల్లిపాదీ గంజి కేంద్రానికి పోయింది. మా ఇల్లూ పోయింది, ఊరంతా పోయింది. అందులో సిగ్గు లేదు. ఒకరోజు గంజి పోసే మనిషి ఫాతిమా బీ ముంత చూసి, ఇంతకు ముందే వచ్చి పోయావు, మళ్లీ వచ్చావా అన్నాడు. ఆమె రాలేదు. వచ్చినామె వేరే. ఫాతిమా బీ ఎంత చెప్పినా వినకుండా ముంత బోర్లించి పక్కకు నెట్టాడు. ఎప్పుడూ ఊరంతా వినేట్టు అరిచే మనిషి ఆ రోజు ఒక్క మాట అనకుండా ఇంటికొచ్చింది. ఖాళీ ముంత అత్త ముందు పెట్టింది.

"చస్తే చస్తాం గానీ, మల్ల ఆ వరసలో నేను నిలబడను. ఇంటాయనతో చెప్తాండా, అత్తతో చెప్తాండా, అందరూ ఇనండి," అన్నది.

హుసేనప్ప విన్నాడు. మరుసటేడు కర్నూలుకు రాజధాని వచ్చింది. ఆఫీసులకు కట్టడాలు చాలక డేరాలు వేస్తున్నారని తెలిసి, కంబళి భుజాన వేసుకుని పోయాడు. పని దొరికింది. టెంపరరీ పని. కొద్దికాలం పోతే పర్మనెంటు చేస్తారని అందరూ అనుకునేవాళ్లు. భార్య మళ్లీ ఆ వరసలో నిలబడకుండా ఉండాలంటే ఈ పని నిలబడాలి. ఆయనకు బతుకంతా అదొక్కటే అయిపోయింది. బీడీ మానేశాడు. పండక్కి కొత్త గుడ్డలు మానేశాడు. జీతం రాగానే నా చేతికో, ఊరివాళ్లెవరైనా వస్తే వాళ్ల చేతికో ఇచ్చి పంపేవాడు.

నేను ఆ డేరాల పక్కనే తడికె వేసుకుని ఉగ్గాని, బజ్జీ, టీ అమ్మేవాణ్ణి. పేరుకు హోటలు. సాయంత్రమైతే గుమాస్తాలు, సూపర్నెంట్లు అందరూ నా బెంచీల మీదే. ఇంక వాదన మొదలు. రాష్ట్రానికి లోటు ఎవరివల్ల? అబ్బో, ఆ మాట విని విని నాకు చెవుల్లో హోరు పుట్టేది. లెక్కల సెక్షను సూపర్నెంటు దావీదురాజు గారు గుంటూరు వైపు మనిషి. మంచివాడే, నవ్వుతూ మాట్లాడతాడు, టీ డబ్బులు బాకీ పెట్టడు. కానీ వాదనకు దిగితే వదిలేవాడు కాదు.

"ఏంటయ్యా బొజ్జన్నా, మా డెల్టా శిస్తు అంతా తెచ్చి మీ కరువులో పోస్తున్నాం. అడుగు లేని బావి మీది. ఇంక ఖజానా నిండమంటే ఎట్లా నిండుద్ది?" అనేవాడు.

బొజ్జన్న డోన్ వైపు గుమాస్తా. అతనికి పౌరుషం ముక్కు మీదే ఉండేది.

"మా కరువా సార్? మీ కాలవలు ఎవురి దుడ్లతో తవ్వినారు? మా తాతలు కట్టిన శిస్తు ల్యాదా అండ్ల? ఆ దినం మాకొక్క చెరువు తవ్వింటే ఈ దినం మీకీ మాట ఉండేది కాదు," అనేవాడు.

ఇద్దరూ గొంతులు పెంచుకునేవాళ్లు, పక్కవాళ్లు మద్రాసును తిట్టి చల్లార్చేవాళ్లు. ఒక్కోసారి దావీదురాజు గారు హుసేనప్పను పిలిచి, "నువ్వు చెప్పవయ్యా పెద్దాయనా, తప్పెవరిది?" అని అడిగేవాడు. "నాకేమెరుక సామీ," అని ఆయన తాళ్లు చూసుకోవడానికి పోయేవాడు.

డేరా తాళ్ల గురించి ఒక ముక్క చెప్పాలి. అవి నూలు తాళ్లు, తడిస్తే బిగుసుకుపోతాయి. బిగుసుకుంటే నేలలో దిగ్గొట్టిన గూటాలు పీక్కునైనా వస్తాయి, గుడ్డ అయినా చిరుగుతుంది. అందుకని వానకు ముందు తాళ్లు వదులు చేయాలి. గాలికి ముందైతే బాగా బిగించాలి. వచ్చేది వానో గాలో పోల్చుకోవడం ఖలాసీ చేతిలో ఉన్న పని.

యాభై నాలుగు వేసవి చివర్లో ఒకరోజు మధ్యాహ్నం పడమట నల్లగా మబ్బు లేచింది. అట్లాంటి మబ్బును మేం చూసి రెండేళ్లు దాటింది. నేను బజ్జీ మూకుడు దించేసి బయటికొచ్చాను. హుసేనప్ప లెక్కల సెక్షను డేరా దగ్గర నిలబడి మెడ వెనక్కి వాల్చి చూస్తున్నాడు.

"వానొస్తాది దేవేంద్రా. వాసన తగులుతాండాది నాకు," అన్నాడు.

నాకూ తగిలింది. ఒట్టు. మట్టి తడిసిన వాసన ఎక్కడినుంచో వస్తున్నట్టే అనిపించింది. ఆయన గబగబా చుట్టూ తిరిగి తాళ్లన్నీ వదులు చేశాడు. అదే కోస్తా మనిషైతే కాసేపు చూద్దాంలే అనుకుని ఉండేవాడు. మా సీమలో పుట్టినవాడికి అంత నల్ల మబ్బును చూసి అది వాన కాదేమో అనుకునే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? తాళ్లు వదిలేసి చేతులు తుడుచుకుని నవ్వాడు. హుసేనప్ప నోరు తెరిచి నవ్వడం నేను అదే మొదలు చూడటం.

ఒక్క చుక్క పడలేదు. గాలి వచ్చింది. ఎర్ర దుమ్ము లేపుకుంటూ హంద్రి ఏటి వైపునుంచి ఒక్క ఊపున వచ్చింది. మిగతా డేరాలు ఊగి నిలబడ్డాయి. లెక్కల సెక్షను డేరా మాత్రం నేలనొదిలి లేచి పక్కకు ఒరిగి కూలింది. దాని కింద గుమాస్తాలు, బల్లలు, కట్టలు కట్టలుగా కాగితాలు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, దావీదురాజు గారి కళ్లద్దాలు మాత్రం పగిలాయి. కాగితాలు హంద్రి ఇసుకలో, కంపచెట్లలో, మా తడికెల మీద, ఎక్కడ పడితే అక్కడ. చుట్టుపక్కల జనం పోగై ఏరి తెచ్చారు. ఒకామె ఒక కాగితం తన పాలకుండ మీద మూత వేసుకుంటే ఒక ప్యూను లాక్కున్నాడు, వాళ్లిద్దరికీ పెద్ద రగడ. పొద్దు గూకేలోగా దాదాపు అన్నీ దొరికాయి. పోయినవి రెండో కాపీలు, వాటితో పనేమీ లేదని బొజ్జన్నే చెప్పాడు.

ఆ సాయంత్రం నా బెంచీల మీద అందరూ దుమ్ము కొట్టుకుని కూర్చున్నారు. అద్దాలు లేని దావీదురాజు గారు కళ్లు చికిలించి చూసి, ఒక్కసారిగా నవ్వు మొదలుపెట్టాడు.

"ఇంక వెతుక్కోనక్కర్లేదండీ. దోషి దొరికాడు! మద్రాసూ కాదు, కల్లూ కాదు. రాష్ట్రానికి ఈ లోటంతా మన హుసేనప్పే తెచ్చాడు!"

అందరూ పడీపడీ నవ్వారు. బొజ్జన్న కూడా. అన్ని నెలల కొట్లాట తర్వాత వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఆ రోజునుంచి ఆయనకు లోటు హుసేనప్ప అని పేరు పడింది. "ఏం లోటూ, టీ తాగినావా?" "లోటూ, ఈ గుంజ కొంచెం చూడు." ఆయన పలికేవాడు. కోపం తెచ్చుకోలేదు. అయితే అప్పటినుంచి ఆకాశం వైపు చూడటం మానేశాడు, అది నేను గమనించాను.

కొద్దిరోజులకు ఖర్చు తగ్గించమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఎక్కడ తగ్గిస్తారు? కార్లలోనా? టెంపరరీ ఖలాసీల్లో ఒకణ్ణి తీసేయమన్నారు. ఎవరినని అడిగితే, ఆఫీసరుకు ఖలాసీల్లో తెలిసిన పేరు ఒక్కటే. "ఆ లోటు అనేవాడున్నాడు కదా, వాణ్ణి తీసేయండి," అన్నాడట. తాళ్లు వదులు చేసినందుకు కాదు. దాని మీద విచారణా లేదు, సంజాయిషీ లేదు. పేరు నోటికొచ్చింది, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. దావీదురాజు గారికి చెబితే ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అయ్యయ్యో, నేను నవ్వులాటకు అన్నానండీ దేవేంద్రప్పా," అని ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాడు. ఆర్డరు మీద సంతకం అయిపోయిందన్నారు. తిరిగొచ్చి నా బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పాపం, ఆయన్ను తిడదామని నోటి దాకా వచ్చింది గానీ తిట్టలేకపోయాను.

హుసేనప్ప మాత్రం కంబళి చుట్టుకున్నాడు. పోయే ముందు అన్ని డేరాల గూటాలూ ఒకసారి కొట్టి చూశాడు. "పోయొస్తా దేవేంద్రా," అన్నాడు. నేను రెండు పొట్లాల బజ్జీలు కట్టిచ్చి బస్సెక్కించాను.

పేరు ఆయనకంటే ముందు ఊరు చేరింది. కోర్టు పనికనో ఆసుపత్రికనో మా ఊరివాళ్లు కర్నూలు వస్తూనే ఉంటారు, నా దగ్గరే టీ తాగుతారు, గుమాస్తాల మాటలు వింటారు. గుమాస్తాల నవ్వు అక్కడే ఉండిపోయింది, మాట ఒక్కటే ఊరికి పోయింది. సర్కారు దుడ్ల కాగితాలు హుసేనప్ప గాలికి వదిలేశాడంట అని చెప్పుకున్నారు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడూ వాన మొహం చాటేసింది. ఊళ్లో కరువు పని నడుస్తోంది, రోడ్డుకు కంకర కొట్టడం. హుసేనప్పా ఫాతిమా బీ ఇద్దరూ సుత్తులు పట్టుకుని పోయారు. ఆమెకు అది బాధ అనిపించలేదు. "కష్టం చేసి తింటాండాం, ముంత పట్టుకోల్యా," అని నాకు చెప్పింది.

ఒకరోజు మేస్త్రీ వచ్చి, పని నిలిపేశాం, సర్కారులో దుడ్లు లేవు అన్నాడు. ఎందుకు లేవో ఆయనకూ తెలియదు. ఎప్పుడు మొదలుపెడతారో అసలు తెలియదు. జనం రాళ్ల కుప్పల దగ్గరే చాలాసేపు కూర్చున్నారు. అప్పుడు పెద్దమనిషి ఉరుకుందప్ప ఆలోచించి ఒక మాట అన్నాడు.

"సర్కారు దుడ్లు చేతిలో పట్టుకొని తిరగరు గదప్పా. ఎవురికెంత ఇయ్యాల్నో కాగితాల మింద రాసుకుంటారు. ఆ కాగితాలే గాలికి పోతే ఏ ఊరికి ఎంత ఇయ్యాల్నో వాళ్లకెట్ల తెలుస్తాది?"

ఆయన దుర్మార్గుడు కాడు. కడుపు కాలుతున్న మనిషి. లెక్క మాత్రం అందరికీ సరిగ్గా కుదిరినట్టు అనిపించింది. అక్కడినుంచి లేచి నేరుగా మసీదు వెనక సందుకు వచ్చారు. ఆ రోజు నేను ఇంటివాళ్లను చూసి పోదామని ఊరికొచ్చి ఉన్నాను కాబట్టి ఇదంతా నా కళ్లతో చూశాను.

"హుసేనప్పా, బయటికి రాప్పా," అన్నాడు ఉరుకుందప్ప.

వచ్చాడు. గిడ్డమ్మ అనే ముసలామె ముందుకొచ్చింది. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు, కంకర మీద వచ్చేదే తిండి.

"ఏం నాయినా, దుడ్ల కాగితాలు నువ్వే గాలికి వదిలినావంట. నిజమేనా?"

ఫాతిమా బీ ఒక్క దూకున గడప దాటింది. "ఎవడప్పా కూసినోడు? నా ముందరికి రమ్మను! కర్నూల్లో దొరలు దొరలు కొట్లాడుకుంటాండారు, నీ తప్పంటే నీ తప్పని. ఇంటాయన తాళ్లు కట్టేటోడు. తాళ్లు కట్టేటోనికి రాజ్యం దుడ్లతో ఏం పనప్పా? మీకు బుద్ధుండాదా?"

నేనూ ముందుకొచ్చి చెప్పాను. అన్నీ దొరికాయన్నాను, అది ఎగతాళికి అన్న మాట అన్నాను. తెలిసినంతా చెప్పాను. నన్నెవరూ చూడటం లేదు.

"ఆయన్నే చెప్పనీండి," అన్నాడు ఉరుకుందప్ప.

హుసేనప్ప అందరినీ ఒకసారి చూశాడు. మొహంలో ఏమీ లేదు. భయం కూడా లేదు.

"అవునప్పా. నావల్లనే," అన్నాడు.

ఎవడన్నా చెయ్యి చేసుకుంటాడేమోనని నేను ఆయన పక్కకు జరిగాను. ఎవరూ కదల్లేదు. గిడ్డమ్మ మాత్రం, "ఇంత పని చేసి అన్నమెట్ల తింటాండావు నాయినా?" అని అడిగింది.

"తినడంల్యా అవ్వా," అన్నాడు. అది నిజమే. ముందురోజునుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇంత పెద్ద రాజ్యంలో తప్పు నాదే అన్న మనిషి ఒక్కడు దొరికాడు. వాళ్లకు అది చాలింది. నాకు మాత్రం ఆయన్ను పట్టుకుని ఊపేయాలన్నంత కోపం వచ్చింది. నాకంటే ముందు ఫాతిమా బీ అడిగింది.

"ఎందుకన్నావయ్యా ఆ మాట? ఎందుకు?"

"ఎవురో ఒకరు ఒప్పుకుంటే గదా వాళ్లు ఇండ్లకు పోయేది. పొద్దన్నుంచి ఏం తినల్యా వాళ్లు. ఎండకు నిలబడుకొని ఉండారు."

ఆమె నెత్తి కొట్టుకుంది. "ఇది మంచితనం కాదయ్యా. ఏది పోయినా నీకు అక్కర ల్యాకుండా పోయింది. ఇల్లూ అక్కర ల్యాదు, నేనూ అక్కర ల్యాదు," అన్నది. ఆయన కాదనలేదు. గోడకానుకుని కూర్చున్నాడు.

తర్వాత ఊరు వాళ్లను వెలివేసిందని అనుకోకండి. నిప్పడిగితే ఇచ్చేవాళ్లు, ఎదురుపడితే పలికేవాళ్లు. ఆ నెలలోనే బీబమ్మ పోయింది. ఉన్న రెండు జొన్నలూ పిల్లలకు పెట్టమని తాను తినడం మానేసి పోయింది. ఉరుకుందప్ప తానే వచ్చి గోరీ తవ్వించాడు, మట్టి వేశాడు, గిడ్డమ్మ ఫాతిమా బీని పట్టుకుని ఏడ్చింది. హుసేనప్ప తల్లికి మట్టి వేసి చేతులు దులుపుకున్నాడు. కంట్లో తడి లేదు.

చలి మొదలయ్యేసరికి కరువు పని మళ్లీ తెరిచారు. హుసేనప్ప సుత్తి పట్టుకుని పోయాడు. ఉరుకుందప్ప మేస్త్రీ చెవిలో చెప్పాడు, హుసేనప్పను వద్దన్నారు. ఫాతిమా బీ పోతే ఆమెనూ వద్దన్నారు.

"ఆ ఇంటి చెయ్యి పడితే మల్ల పని నిలుస్తాదమ్మా. నీమింద కోపంతో కాదు. ఊరంతా దీని మిందనే బతకాల," అన్నాడు ఉరుకుందప్ప. ఆయన గొంతులో నిజంగానే కోపం లేదు. ఆమె ఆయన్ను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. తిట్టి ఇంటికొచ్చింది. పిల్లలకు చెంచలాకు ఉడకబెట్టి పెట్టింది. చాలా రోజులు అదే తిండి. నేను పంపిన జొన్నలు ఎంతకాలం వస్తాయి? డేరాలు తగ్గాయి, నా హోటలూ అంతంతమాత్రమే అయింది.

ఇంతలో మేస్త్రీ మారాడు. నంద్యాల వైపునుంచి కొత్తాయన వచ్చాడు. ఆయనకు మా ఊరి మొహాలు తెలియవు. పాత మేస్త్రీ అప్పగించిన మాట ఒక్కటే తెలుసు, హుసేనప్ప ఇంటికి పని ఇవ్వొద్దని. ఆయన పేర్లు రాసుకునే రోజు తెల్లవారేసరికి నేను ఊళ్లోనే ఉన్నాను. ఫాతిమా బీ పిల్లలకు తలదువ్వి, సుత్తి కొంగులో చుట్టుకుని బయల్దేరింది. ఆకలి తెలియకుండా నేను తెచ్చిన జొన్న రొట్టెలు రెండు మూటగట్టి పెట్టుకుంది, తొందరలో అది గడప దగ్గరే మరిచిపోయింది. హుసేనప్ప ఆ మూట తీసుకుని వెనకే బయల్దేరాడు. నేనూ ఆయనతో నడిచాను.

మేం పోయేసరికి పేర్లు రాసుకుంటున్నారు. ఆడవాళ్లను మొగుడి పేరుతో రాసుకోవడం అక్కడ పద్ధతి. ఫాతిమా బీ వంతు వచ్చింది.

"పేరేమి తల్లీ?"

"ఫాతిమా."

"మొగుని పేరు?"

ఆమె మమ్మల్ని చూడలేదు. మేం ఆమెకు కాస్త వెనగ్గా నిలబడి ఉన్నాం. వరసలో అందరూ మా ఊరివాళ్లే. ఉరుకుందప్ప ఉన్నాడు, గిడ్డమ్మ ఉంది. ఆమె గట్టిగా, ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"మొగుడు ల్యాడప్పా. దస్తగిరి కూతురని రాసుకో."

దస్తగిరి ఆమె తండ్రి, ఎప్పుడో పోయాడు. గిడ్డమ్మ తల దించుకుంది. ఉరుకుందప్ప నోరు కొంచెం తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఒక్కరూ కాదనలేదు. అందుకు నేను మా ఊరికి ఈనాటికీ దండం పెడతాను, ఈనాటికీ క్షమించలేను.

ఆమె పక్కకు తిరిగినప్పుడు మేం కనపడ్డాం. కాళ్లు ఆగిపోయాయి. మేస్త్రీ కూడా చూశాడు. రొట్టెల మూట పట్టుకుని నిలబడ్డ మనిషిని చూపించి, "ఈయనెవరమ్మా?" అన్నాడు.

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "మా ఊరాయనప్పా. మూట మర్చిపోతే తెచ్చిచ్చినాడు."

హుసేనప్ప ముందుకు నడిచి మూట ఆమె చేతికిచ్చాడు. ఇద్దరి చేతులూ ఆ మూట మీద కాసేపు ఉన్నాయి. ఆమె కళ్లనిండా నీళ్లు. మేస్త్రీ మంచివాడిలాగున్నాడు, ఆయన్ను ఎగాదిగా చూసి జాలిపడ్డాడు.

"ఏమప్పా, ఎముకలు తేలిపోయినావే. నీక్కూడా పని కావాల్నా? ఇంగ ఒక మనిషికి చోటుండాది. పేరు చెప్పు."

వరసంతా ఆయన వైపే చూస్తోంది.

"నాకొద్దులేప్పా. ఆయమ్మకిచ్చినావు గదా, చాలు," అన్నాడు హుసేనప్ప. వెనక్కి తిరిగి నడిచాడు.

నేను పరుగున ఆయన పక్కకు చేరాను. నాకే ఏడుపు ఆగడం లేదు. "మామా, ఏడువు మామా. ఒక్కసారన్నా ఏడువు. నీకు దండం పెడతా," అన్నాను.

"రావడంల్యా దేవేంద్రా. మాయమ్మ పోయిన దినం కూడా శానా సేపు చూసినా. రాల్యా," అన్నాడు.

ఇంటికి పోయాం. పిల్లలు అమ్మ ఏదని అడిగారు. "పనికి పోయింది," అని చెప్పి పొయ్యి రాజేశాడు.